గడప దాటని రోజుల్లో ఆందోళన – తట్టుకునే మార్గాలు

ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో గుమాస్తాగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం క్యాష్ కౌంటరులోనే. అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం ఇది: సాయంత్రం లెక్కలో పది రూపాయలు తేడా వచ్చినా ఆ పూటే ఆఫీసరుకు చెప్పాలి. రేపు సర్దుకుందామని దాచిపెడితే ఆ తేడా పెరుగుతుందే గాని తగ్గదు. భయం సంగతి కూడా అంతేనని 2020లో గాని నాకు తెలిసిరాలేదు.

ఆ సంవత్సరం మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్నది. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలైంది. ఆగస్టులో బళ్ళారిలోని మా ఇంట్లో నా భార్యకు వ్యాధి సోకి, ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చింది. ఇంటిల్లిపాదికీ 14 రోజుల క్వారంటైన్ విధించారు. వయసు మళ్ళినవాడినని నన్ను మేడ మీది గదిలో ఉంచారు. కొడుకు, కోడలు, పదో తరగతి చదివే మనవరాలు కింద ఉన్నారు.

ఐదో రోజు రాత్రి రెండు గంటలప్పుడు నిద్ర పట్టక కిటికీ దగ్గర నిలబడితే, కింది గదిలో లైటు వెలుగుతూ కనిపించింది. ఫోను చేశాను. మనవరాలు ఎత్తి ఏడ్చేసింది. "తాతయ్యా, నోటు పుస్తకాల కోసం నేనే బజారుకు వెళ్ళాను. నానమ్మకు నా వల్లే వచ్చింది" అన్నది. పక్క గదిలో తల్లిదండ్రులు ఉన్నా ఐదు రోజులుగా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తలుపు వేసుకుని ఉంటే చదువుకుంటున్నదిలే అని మేమందరమూ అనుకున్నాము.

ఈ వ్యాధి సోకాక లక్షణాలు బయటపడడానికి 2 నుండి 14 రోజులు పట్టవచ్చు. క్వారంటైన్ 14 రోజులు పెట్టింది అందుకే. ఎవరి నుండి ఎవరికి వచ్చిందో ఇంట్లో కూర్చుని తేల్చడం మన తరం కాదు. ఆ సంగతి మనవరాలికి చెప్పాను. నాకూ భయంగానే ఉన్నదని కూడా చెప్పాను. ఆ రాత్రి ఇద్దరమూ నిద్రపోయాము.

ఆందోళన ఎందుకు పెరుగుతుంది?

లండన్‌లోని కింగ్స్ కాలేజి పరిశోధకులు సార్స్, ఎబోలా వంటి వ్యాధుల కాలంలో జరిగిన అధ్యయనాలను సమీక్షించి, 2020 ఫిబ్రవరిలో 'లాన్సెట్' వైద్య పత్రికలో ప్రచురించారు. క్వారంటైన్ ఎక్కువ రోజులు సాగడం, వ్యాధి సోకుతుందేమోనన్న భయం, విసుగు, సరుకుల కొరత, సరైన సమాచారం అందకపోవడం, ఆదాయం పోవడం, ఇరుగుపొరుగు వెలివేసినట్లు చూడడం మనసును కుంగదీస్తాయని అందులో తేలింది.

భయం కలిగినప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పొట్టిదవుతుంది, చెమట పడుతుంది. అవి జబ్బు లక్షణాలేమోనని భయం రెట్టింపవుతుంది. నేను ఆక్సిజన్ చూసే పరికరాన్ని రోజుకు పదిసార్లు వేలికి పెట్టుకున్నది ఈ కారణం వల్లనే.

మేము పాటించినవి

1. దినచర్య: లేవడం, స్నానం, భోజనం, చదువు, పడుకోవడం వేళ ప్రకారం జరగాలి. పగటి నిద్ర తగ్గిస్తే రాత్రి నిద్ర పడుతుంది.

2. రెండు గడులు: కాగితంపై ఒక గడిలో మన చేతిలో ఉన్న పనులు, రెండో గడిలో లేనివి వ్రాయాలి. పరీక్ష తేదీ మన చేతిలో లేదు, ఈ రోజు పాఠం ఉన్నది.

3. వార్తలు: రోజుకు రెండుసార్లు చాలు. పడుకునే ముందు వద్దు.

4. శ్వాస: నెమ్మదిగా పీల్చి, అంతకంటే ఎక్కువ సేపు వదలాలి. ఐదు నిమిషాలు చేస్తే గుండె దడ తగ్గుతుంది. అయితే ఆయాసం తగ్గకపోయినా, ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గినా అది భయమేనని సరిపెట్టుకోకుండా వైద్యునికి చెప్పాలి.

5. రాత్రి ఎనిమిదింటి ఫోను: మనవరాలు, నేను ఆ రోజు కలిగిన భయమేదో ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళం. ఇది మా క్యాష్ క్లోజింగ్.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు "భయంగా ఉంది" అని సూటిగా చెప్పరు. తిండి తగ్గడం, చిరాకు, తలనొప్పి, అర్ధరాత్రి దాకా మేలుకోవడం చూసి మనమే గ్రహించాలి. "ధైర్యంగా ఉండు" అనే ముందు, చెప్పేది పూర్తిగా వినండి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే వైద్యుణ్ణి సంప్రదించండి. బ్రతకాలని లేదన్న మాట వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే కాక కన్నడ, తమిళం, ఒడియా, మరాఠీలలో కూడా మాట్లాడతారు.

నా భార్య పదకొండో రోజున ఇంటికి వచ్చింది. కోవిడ్ అత్యవసర స్థితి ముగిసినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. అయినా హాస్టలులో ఆటలమ్మ పోసి ఒంటరి గదిలో ఉండవలసిన విద్యార్థికి ఆ రోజులు అలాంటివే. అటువంటి బిడ్డ మీ ఇంట్లో ఉంటే ఈ రాత్రి ఎనిమిదింటికి ఫోను చేయండి. మార్కుల సంగతి తరువాత అడగవచ్చు.