తూటికూరా? లొట్టపీసా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో చెరువుగట్లను, కాలువ అంచులను చూచినవారికి లేత ఊదారంగు గరాటుపూలు గుంపులు గుంపులుగా కనబడును. అది లొట్టపీసు, శాస్త్రనామము ఐపోమియా కార్నియా. అమెరికా ఉష్ణమండలము దీని పుట్టినిల్లు. 1967లో నాగార్జునసాగర్ ఎడమకాలువకు నీరు విడిచిన పిదప మిర్యాలగూడ, కోదాడ వైపు తడినేలలు పెరిగినవి. ఈ మొక్కకు కావలసినది అదియే.

అదే చెరువులో దీని దాయాది తూటికూర, అనగా ఐపోమియా ఆక్వాటికా, కూడ పెరుగును. అది జనులు వండుకొను ఆకుకూర. లొట్టపీసు మాత్రము విషము. దాని ఆకులలో స్వైన్సోనిన్ అను పదార్థము కలదు. మేకలు చాలకాలము దానిని మేసినచో తల వణకుట, అడుగులు తడబడుట కనబడును. చిక్కేమనగా, కొన్నిచోట్ల లొట్టపీసును కూడ తూటి అనియే పిలుతురు. కనుక పేరు విని కాక, మొక్కను చూచి తేల్చుకొనవలెను.

కాడ బోలుగా ఉన్నది గదా, తూటికూరయే అని విద్యార్థులు తొందరపడుదురు. తూటు అనగా రంధ్రమే. కాని లొట్టపీసు కాడయు బోలే. దాని ఉపజాతి పేరు ఫిస్టులోసా, గొట్టమువంటిదని అర్థము. త్రుంచినచో రెంటను పాలు కారును. పూలరంగును అసలే నమ్మరాదు.

మొదట మొక్క నిలుపును చూడుడు. లొట్టపీసు తన కాళ్లమీద తాను నిలుచు పొద. మొదలు కొయ్యబారి, మనిషి ఎత్తును మించును. తూటికూర బురదపై ప్రాకును, లేదా నీటిపై తేలును. కణుపుల వద్ద వేళ్లు వేయును. అయితే లొట్టపీసు ముక్క బురదలో పడినను వేళ్లు వేయును గనుక వేళ్లను మాత్రమే చూచి ఊరకుండరాదు. తూటికూర ఆకు తరచు బాణపుమొనవలె ఉండును, కాని దాని వెడల్పు చాల మారును. లొట్టపీసు ఆకు సుమారు జానెడు పొడవు, మొన సాగిన హృదయాకారము. కాయ దొరికినచో సందేహమే లేదు: లొట్టపీసు గింజలపై పట్టువంటి పొడవైన గోధుమరంగు నూగు దట్టముగా ఉండును.

ఈ రెంటిని విడదీసిన కంటికి తక్కిన తీగలు కష్టము కావు. అరచేయివలె చీలిన ఆకులు, ఒళ్లంతా నూగు, సాయంకాలము విచ్చు తెల్లపూలు ఉన్నచో అది ఐపోమియా పెస్-టైగ్రిడిస్; పులియడుగు అని ఆ పేరునకు అర్థము. మూడు తమ్మెల ఆకు, నీలిపువ్వు, సన్నగా తోకవలె సాగిన నూగు రక్షకపత్రములు ఉన్నది ఐపోమియా నిల్. నేలనంటి పెరుగు విష్ణుక్రాంతయు ఈ కుటుంబములోనిదే. భూతద్దముతో చూచినచో దాని పువ్వులో రెండు కీలములు, ఒక్కొక్కటి మరల రెండుగా చీలి కనబడును. ఐపోమియాకు కీలము ఒక్కటే, కీలాగ్రము గుండీవలె గుండ్రన.

ఈ పూలలో పెక్కు మధ్యాహ్నమునకే ముడుచుకొనును గనుక నమూనాలను ఉదయముననే సేకరించి, పాత పత్రికల కాగితములలో అక్కడికక్కడే నొక్కవలెను. పులియడుగు కొరకు మాత్రము సంధ్యవేళ బయలుదేరవలెను. లొట్టపీసును త్రుంచిన చేతులను వెంటనే కడుగుకొనవలెను.