బస్తర్ బడుల్లో కౌమార సాహిత్యం: ఏ కథ చదివించాలి, ఎలా చదివించాలి?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థుల్లో అనేకులు ఇంట్లో గోండీ, హల్బీ, దోర్లీ, ధుర్వీ వంటి భాషలు మాట్లాడతారు. బడిలో మాత్రం పాఠాలన్నీ హిందీలోనే. వాక్యాన్ని కూడబలుక్కుని చదవగలిగినా, అందులోని విషయానికీ తమకూ సంబంధమేమిటో వారికి తోచదు. ఈ వయసువారిని ఉద్దేశించిన కథలను, నవలలను తరగతి గదిలోకి తీసుకురావడం దీనికొక మార్గం.

కౌమార సాహిత్యం ప్రత్యేక శాఖగా నిలదొక్కుకోవడంలో 1967లో అమెరికాలో వెలువడిన ‘ది అవుట్‌సైడర్స్’ నవలది పెద్ద పాత్ర. రచయిత్రి ఎస్.ఇ. హింటన్ అప్పటికి ఇరవై ఏళ్లు నిండని యువతి. పిల్లలకు పుస్తకం అద్దంలానూ, కిటికీలానూ ఉండాలని అమెరికా విద్యావేత్త రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో వివరించారు. అద్దంలో తమ బతుకు, కిటికీలోంచి ఇతరుల బతుకు కనిపిస్తాయి.

బస్తర్ పిల్లలకు కిటికీలు ఎన్నో ఉన్నాయి, అద్దాలే కరవు. 2011 జనగణన ప్రకారం గోండీ మాతృభాషగా గలవారు 29 లక్షలకు పైమాటే. అయినా ఆ భాషకు రాజ్యాంగ ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. ప్రథమ్ బుక్స్ వారి ‘స్టోరీవీవర్’ వేదికపై గోండీ కథలు ఉన్నా, అవి ప్రధానంగా చిన్నపిల్లల బొమ్మల కథలు. వాటిని పద్నాలుగేళ్ల విద్యార్థి చేతిలో పెడితే చిన్నతనంగా భావిస్తాడు. మాతృభాషా బోధన పథకాలు కూడా చాలావరకు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోతాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండీ సహా ఎనిమిది భాషల్లో మొదలైన కార్యక్రమమూ అలాంటిదే.

నిజానికి ఇక్కడి కౌమారులకు కథలు కొత్త కావు. మురియా గోండుల యువతీయువకులు సాయంత్రాలు కలిసి గడిపే ‘ఘోటుల్’ పాటలకు, పొడుపుకథలకు, కథలకు నెలవు. వెరియర్ ఎల్విన్ 1947లో దానిపై పెద్ద గ్రంథమే ప్రచురించారు. కథను నలుగురూ కలిసి వినే ఈ అలవాటే ఉపాధ్యాయుడికి పెట్టుబడి.

అందువల్ల పుస్తకాన్ని విద్యార్థికి ఇచ్చి చదవమనడం కంటే, రోజూ పావుగంట గట్టిగా చదివి వినిపించి, ఉత్కంఠ ఉన్నచోట ఆపడం మేలు. చర్చను గోండీలోనో హల్బీలోనో సాగనివ్వాలి. నచ్చిన ఘట్టాన్ని తమ మాటల్లో దేవనాగరి లిపిలో రాయమనవచ్చు. కల్లోల ప్రాంతాల పిల్లల కోసం వెదురు, రేకులతో కట్టిన ‘పోటా కేబిన్’ ఆశ్రమ బడుల్లో రాత్రి భోజనానికి ముందు సమయం ఇందుకు అనువైనది. ప్రతి అధ్యాయం చివరా ప్రశ్నలు, మార్కులు పెడితే మాత్రం అది మరో పాఠ్యపుస్తకమే అవుతుంది.

తెలుగు పాఠకులకు ‘రైలుబడి’గా పరిచయమైన జపాన్ రచన ‘తొత్తోచాన్’ హిందీలోనూ లభిస్తుంది. కథానాయిక చిన్నపిల్లే అయినా, ఆ పుస్తకం పెద్ద పిల్లల చేతా చదివిస్తుంది. ఆమె ప్రేమించిన బడి 1945లో బాంబు దాడుల్లో కాలిపోతుంది. 2005 తర్వాత బస్తర్‌లో అనేక బడులు పేలుళ్లకు కూలాయి. కొన్నింటిలో భద్రతా బలగాలు మకాం వేశాయి. ఈ నేపథ్యం తెలిసిన ఉపాధ్యాయుడు ఆ అధ్యాయం దగ్గర నెమ్మదించాలి. ‘మీ ఊళ్లో ఏం జరిగింది?’ అని అడగడం తగదు. విద్యార్థి తనంతట తాను చెబితే వినాలి, మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని గౌరవించాలి.

ఈ సమస్య బస్తర్ సరిహద్దులకే పరిమితం కాదు. సల్వా జుడుం కాలంలో వలస వచ్చిన ఆదివాసీ కుటుంబాల పిల్లలు భద్రాచలం పరిసరాల్లో తెలుగు మాధ్యమంలో చదువుతున్నారు. వారికి హిందీ స్థానంలో తెలుగు వచ్చిందంతే. హైదరాబాద్‌కు చెందిన ‘అన్వేషి’ సంస్థ 2008లో ప్రచురించిన పిల్లల కథల శ్రేణిలో గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటి రచయితలు దళిత, ముస్లిం బాల్యాలను కథలుగా మలిచారు. కోయ కౌమారుల గురించి అటువంటి శ్రేణి రూపొందాలంటే, తరగతి గదిలో ఆ పిల్లలు తమ మాటల్లో రాసుకున్న పేజీలనే తొలి ముడిసరుకుగా తీసుకోవచ్చు.