కెర్నెల్ కోడ్‌లో మెమరీ బ్యారియర్లు: వినియోగం, వ్యాఖ్య ఆవశ్యకత

వ్యాససంగ్రహం:
అనేక కోర్లు గల కంప్యూటర్‌లో ఒక కోర్ మెమరీలో రాసిన విలువలు మరొక కోర్‌కు అదే వరుసలో కనిపిస్తాయన్న హామీ లేదు. ఆ వరుసను కట్టడి చేయడానికి ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ మెమరీ బ్యారియర్లను ఉపయోగిస్తుంది. లినక్స్ కెర్నెల్ ఆధారంగా బ్యారియర్ల పనితీరును రెండు ఉదాహరణలతో వివరించడం, బ్యారియర్ పక్కన రాసే వ్యాఖ్య కోడ్ నిర్దుష్టతలో భాగమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆపరేటింగ్ సిస్టమ్, లినక్స్ కెర్నెల్, మెమరీ బ్యారియర్, కంపైలర్, వ్యాఖ్య.

1. ఉపోద్ఘాతం:
ప్రోగ్రామ్ రాసేవారు ఆదేశాలను ఒక వరుసలో రాస్తారు. యంత్రం కూడా అదే వరుసలో నడుచుకుంటుందని భావిస్తారు. ఒకే కోర్ దృష్టితో చూస్తే ఈ భావన వల్ల నష్టం లేదు. తెలుగు వాక్యంలో పదాల వరుస మారినా విభక్తి ప్రత్యయాలు అర్థాన్ని నిలుపుతాయి. “రాముడు రావణుని చంపాడు”, “రావణుని రాముడు చంపాడు” అనే రెండు వాక్యాలకూ అన్వయం ఒక్కటే. అలాగే కంపైలర్, ప్రాసెసర్ ఒక విలువ మరొక విలువపై ఆధారపడిన చోట ఆ సంబంధాన్ని కాపాడుతూ, మిగిలిన చోట్ల వేగం కోసం వరుసను మారుస్తాయి. కానీ రెండు చలరాశుల మధ్య సంబంధం ప్రోగ్రామర్ ఆలోచనలో మాత్రమే ఉన్నప్పుడు దానిని తెలిపే ప్రత్యయం కోడ్‌లో ఉండదు. ఆ లోటును తీర్చేదే మెమరీ బ్యారియర్.

అన్ని ప్రాసెసర్ల చర్యలూ ఏదో ఒకే వరుసలో జరిగినట్లు, అందులో ప్రతి ప్రాసెసర్ చర్యలూ దాని ప్రోగ్రామ్ వరుసలోనే ఉన్నట్లు ఫలితం రావాలన్న నియమాన్ని లెస్లీ లాంపోర్ట్ 1979లో నిర్వచించారు. నేడు విరివిగా వాడుతున్న ఎక్స్86, ఆర్మ్, పవర్ ప్రాసెసర్లలో ఏదీ సాధారణ మెమరీ చర్యల విషయంలో ఈ హామీని పూర్తిగా ఇవ్వదు.

2. వరుస మారడానికి కారణాలు:
ఈ వ్యాసంలో మెమరీ నుండి విలువను తీసుకోవడాన్ని పఠనం అనీ, మెమరీలో విలువను ఉంచడాన్ని లేఖనం అనీ వ్యవహరిస్తాను. వీటి వరుస రెండు దశలలో మారుతుంది.

మొదటిది కంపైలర్ దశ. ఒక పఠనాన్ని ముందుకు జరపడం, రెండు పఠనాలను ఒకటిగా చేయడం, అనవసరమని తోచిన లేఖనాన్ని తొలగించడం కంపైలర్‌కు అనుమతించిన పనులే. రెండవది ప్రాసెసర్ దశ. కోర్ రాసిన విలువ నేరుగా క్యాష్ మెమరీకి చేరదు. ముందుగా స్టోర్ బఫర్ అనే చిన్న నిల్వలో ఆగుతుంది. అది అక్కడ ఉండగానే కోర్ తరువాతి పఠనాలను పూర్తి చేయగలదు. అప్పుడు ఇతర కోర్లకు లేఖనం కంటే పఠనమే ముందు జరిగినట్లవుతుంది.

సాధారణ మెమరీ విషయంలో ఎక్స్86 ఈ ఒక్క మార్పును మాత్రమే అనుమతిస్తుంది. అంటే, లేఖనం తరువాత వేరొక చోటి నుండి చేసే పఠనం ముందుకు రావచ్చు. ఆర్మ్, పవర్ ప్రాసెసర్లలో లేఖనాల మధ్య, పఠనాల మధ్య వరుస కూడా మారవచ్చు. అందువల్ల ఎక్స్86 యంత్రంపై ఏళ్ల తరబడి సవ్యంగా నడిచిన కోడ్ ఆర్మ్ యంత్రంపై అరుదుగా, కారణం అంతుపట్టకుండా విఫలం కావచ్చు.

3. బ్యారియర్ల రకాలు:
లినక్స్ కెర్నెల్‌లో కోర్ల మధ్య వరుసను నిలిపే ప్రధాన బ్యారియర్లు మూడు. ఎస్ఎంపీ_డబ్ల్యూఎంబీ తనకు ముందున్న లేఖనాలను, తరువాతి లేఖనాల కంటే ముందుగా నిలుపుతుంది. ఎస్ఎంపీ_ఆర్ఎంబీ పఠనాల విషయంలో అదే పని చేస్తుంది. ఎస్ఎంపీ_ఎంబీ పూర్తి బ్యారియర్. ముందున్న అన్ని చర్యలనూ తరువాతి అన్ని చర్యల నుండి వేరు చేస్తుంది. మొదటి రెండూ ఎక్స్86పై కంపైలర్‌ను కట్టడి చేస్తే చాలు. ప్రాసెసర్‌కు ప్రత్యేక ఆదేశం అక్కర్లేదు.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. బ్యారియర్ విలువను వెంటనే ఇతర కోర్లకు చేరవేయదు. అది వరుసను మాత్రమే నిర్దేశిస్తుంది, వేగాన్ని కాదు.

4. మొదటి ఉదాహరణ - సందేశం అందించడం:
“సమాచారం”, “సిద్ధం” అనే రెండు చలరాశుల తొలి విలువ 0 అనుకుందాం.

మొదటి కోర్:
సమాచారం = 42
సిద్ధం = 1

రెండవ కోర్:
సిద్ధం విలువ 1 అయితే
సమాచారాన్ని చదువు

రెండవ కోర్ “సిద్ధం” విలువను 1గా చూసి కూడా “సమాచారం” విలువను 0గా చదివే అవకాశం ఉంది. దీనిని నివారించడానికి మొదటి కోర్‌లో రెండు లేఖనాల మధ్య లేఖన బ్యారియర్ ఉంచాలి. అది ఒక్కటే చాలదు. రెండవ కోర్ షరతు ఫలితం తేలకముందే ఊహపై ఆధారపడి “సమాచారం” చదివి ఉండవచ్చు. మధ్యలో షరతు ఉంది కాబట్టి వరుస తప్పదనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. షరతు తరువాతి లేఖనాన్ని ఆపగలదు కానీ, తరువాతి పఠనాన్ని ఆపలేదు. కాబట్టి రెండవ కోర్‌లో పఠన బ్యారియర్ కూడా ఉండాలి. “సిద్ధం” చలరాశిని కంపైలర్ ఇష్టానుసారం మార్చకుండా రీడ్_వన్స్, రైట్_వన్స్ ద్వారానే వాడాలి.

దీనినుండి తేలే సూత్రం ఒకటే. కోర్ల మధ్య బ్యారియర్లు జంటగానే పనిచేస్తాయి. జంట లేని బ్యారియర్ దాదాపు ఎప్పుడూ దోషానికి సూచన.

5. రెండవ ఉదాహరణ - నిద్ర, మేలుకొలుపు:
కెర్నెల్‌లో ఒక టాస్క్ ఏదైనా షరతు నెరవేరే వరకు నిద్రించవలసి వస్తుంది. అది ముందుగా తన స్థితిని “నిద్ర” అని రాసి, తరువాత షరతును చదువుతుంది. షరతు నెరవేరకుంటే నిద్రిస్తుంది. మేలుకొలిపే కోర్ ముందుగా షరతును నెరవేర్చి, తరువాత టాస్క్ స్థితిని చదువుతుంది. స్థితి “నిద్ర” అయితే లేపుతుంది.

ఇరువైపులా లేఖనం స్టోర్ బఫర్‌లోనే ఉండగా పఠనం పూర్తయిందనుకుందాం. టాస్క్‌కు షరతు నెరవేరనట్లు కనిపిస్తుంది. మేలుకొలిపే కోర్‌కు టాస్క్ మెలకువగానే ఉన్నట్లు కనిపిస్తుంది. ఫలితంగా మేలుకొలుపు చేజారుతుంది. మరొకరు లేపకపోతే ఆ టాస్క్ ఎన్నటికీ లేవదు. దీనిపై ఆధారపడిన ఫైల్ చర్య గానీ నెట్‌వర్క్ చర్య గానీ నిలిచిపోతుంది. ఈ దోషం ఎక్స్86పై కూడా సంభవిస్తుంది. లేఖనానికీ తరువాతి పఠనానికీ మధ్య వరుసను లేఖన బ్యారియర్ గానీ పఠన బ్యారియర్ గానీ నిలుపలేదు. ఇరువైపులా పూర్తి బ్యారియర్ కావాలి.

లినక్స్‌లో నిద్రించే వైపు బ్యారియర్ సెట్_కరెంట్_స్టేట్ లోపలే ఉంది. దాని జంట మేలుకొలిపే ట్రై_టు_వేక్_అప్ వైపు ఉంది. అక్కడి వ్యాఖ్య గమనించదగినది. షరతును నెరవేర్చే లేఖనం, టాస్క్ స్థితి పఠనం తారుమారు కాకూడదని అది చెబుతుంది. దీని జంట నిద్రించే వైపు సెట్_కరెంట్_స్టేట్‌లో ఉందని పేరుతో సహా సూచిస్తుంది.

6. వ్యాఖ్య ఆవశ్యకత:
లాక్ తీసుకోవడం, విడవడం కోడ్‌లో కంటికి కనిపిస్తాయి. లాక్ పేరే అది దేనిని రక్షిస్తుందో కొంతవరకు తెలుపుతుంది. బ్యారియర్‌కు అలాంటి పేరు లేదు. అది ఏ రెండు చర్యల కోసం ఉందో, దాని జంట ఏ ఫైల్‌లో ఉందో ఆ పంక్తి చూసినంత మాత్రాన తెలియదు. కొన్నేళ్ల తరువాత ఆ కోడ్‌ను సవరించేవారు రెండు పంక్తులను అటూఇటూ జరిపితే బ్యారియర్ అక్కడే ఉంటుంది కానీ, నిరర్థకమవుతుంది. కంపైలర్ అభ్యంతరం చెప్పదు. పరీక్షలు కూడా సఫలం కావచ్చు.

కనుక ప్రతి బ్యారియర్ వ్యాఖ్యలో మూడు అంశాలు ఉండాలి.

అ) బ్యారియర్ వేరు చేస్తున్న ముందరి చర్య, తరువాతి చర్య ఏవి?
ఆ) దాని జంట ఏ ఫంక్షన్‌లో ఉంది? జంటవైపు కూడా తిరుగు సూచన ఉండాలి.
ఇ) వరుస తప్పితే కలిగే హాని ఏమిటి?

“ఇక్కడ బ్యారియర్ అవసరం” అన్న వ్యాఖ్య వీటిలో దేనికీ సమాధానం కాదు. “సమాచారం రాసిన తరువాతే సిద్ధం రాయాలి, పఠన ఫంక్షన్‌లోని బ్యారియర్ దీని జంట, వరుస తప్పితే పాత సమాచారం చదవబడుతుంది” అన్నది సార్థకమైన వ్యాఖ్య. ఇలా రాయబోయి జంటను చూపలేకపోతే రచయితకు తన కోడ్‌లోని దోషం అక్కడే బయటపడుతుంది.

7. సహాయక సాధనాలు, వాటి పరిమితులు:
లినక్స్‌కు పంపే మార్పులను పరిశీలించే చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టు, వ్యాఖ్య లేని బ్యారియర్ కనిపిస్తే హెచ్చరిస్తుంది. అయితే వ్యాఖ్య ఉందో లేదో చూడగలదే గానీ, అందులోని మాట నిజమో కాదో చెప్పలేదు. 2018లో వెలువడిన 4.17 వెర్షన్‌తో కెర్నెల్ మెమరీ నమూనా మూలకోడ్‌లో చేరింది. చిన్న ప్రోగ్రామ్ భాగాన్ని ఇస్తే, ఒక ఫలితం సాధ్యమో కాదో హెర్డ్ అనే సాధనం ఈ నమూనా ఆధారంగా తేలుస్తుంది. 2020లో 5.8 వెర్షన్‌తో చేరిన కేసీశాన్, నడుస్తున్న కెర్నెల్‌లో రక్షణ లేని ఏకకాల చర్యలను పట్టుకుంటుంది. ఈ సాధనాలేవీ రచయిత ఉద్దేశాన్ని ఊహించలేవు. ఏ ఫలితం నిషిద్ధమో మనుషులే చెప్పాలి. ఆ మాటకు తగిన చోటు వ్యాఖ్య.

8. ముగింపు:
• లాక్‌తో సరిపోయే చోట బ్యారియర్ జోలికి పోకూడదు. వేగం నిజంగా అవసరమని తేలినప్పుడే దానిని ఆశ్రయించాలి.
• సందేశం అందించే సందర్భాలలో విడి బ్యారియర్ల కంటే ఎస్ఎంపీ_స్టోర్_రిలీజ్, ఎస్ఎంపీ_లోడ్_అక్వైర్ జంట మేలు. వాటిలో బ్యారియర్ ఏ చలరాశికి సంబంధించినదో కోడ్‌లోనే కనిపిస్తుంది.
• లేఖనం తరువాతి పఠనానికి వరుస కావాలంటే పూర్తి బ్యారియర్ తప్పనిసరి.
• ఒకే రకం ప్రాసెసర్‌పై చేసిన పరీక్ష బ్యారియర్ల విషయంలో రుజువు కాదు.
• ఏ చర్యలను వేరు చేస్తుందో, జంట ఎక్కడుందో, లేకుంటే ఏమవుతుందో చెప్పని బ్యారియర్‌ను అసంపూర్ణ కోడ్‌గానే పరిగణించాలి.

బ్యారియర్ యంత్రానికి వరుసను చెబుతుంది. ఆ వరుస ఎందుకో తరువాత వచ్చే మనిషికి వ్యాఖ్య చెబుతుంది. రెండవది లేనప్పుడు మొదటిది ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేం.