రెండు కంపెనీలు ఒకటైతే మన ఫోను గతి ఏమిటి?

ఇంటికొక టెలిఫోను ఉంటేనే గొప్ప అనుకున్న రోజులు పోయి, మనిషికొక సెల్ ఫోను ఉన్న రోజులు వచ్చినవి. బళ్ళారిలోని తల్లి హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకుతో మాట్లాడాలన్నా, బరంపురంలోని తాతగారికి పింఛను బ్యాంకులో పడిన సంగతి తెలియాలన్నా, హోసూరులోని ఇల్లాలు గ్యాసు సిలిండరు తెప్పించుకోవాలన్నా ఆ పది అంకెల నంబరే ఆధారం. ఆ నంబరును మనకిచ్చిన కంపెనీ ఒకనాడు మరొక కంపెనీలో కలిసిపోతే మనకు మేలా, కీడా? ఇది షేర్లు కొనేవారి గొడవ అని ఊరుకోదగినది కాదు. మన ఇంటి జమాఖర్చుల పుస్తకానికి సంబంధించిన విషయమే.

ఇద్దరితో మొదలు

మన దేశంలో తొలి సెల్ ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగినది. నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడినారు. ప్రభుత్వం వారు దేశాన్ని సర్కిళ్ళుగా విభజించి, మొదట ఒక్కొక్క సర్కిలులో ఇద్దరు ప్రైవేటు వారికి మాత్రమే లైసెన్సులిచ్చినారు. చెన్నపట్నంలో స్కైసెల్, ఆర్.పి.జి.; ఆంధ్రలో టాటా సెల్యులార్, జె.టి. మొబైల్స్, కర్ణాటకలో జె.టి. మొబైల్స్, స్పైస్. ఈ పేర్లు పాత చందాదారులకు జ్ఞాపకం ఉండే ఉంటవి. రద్దీ వేళలో నిమిషానికి పదహారు రూపాయల దాకా ఛార్జీ ఉండేది. ఎదుటివారు మనకు ఫోను చేసినా మన జేబుకే చిల్లు!

ఆ పేర్లలో ఒక్కటీ నేడు లేదు. జె.టి. 1999లోను, స్కైసెల్ దాని వెనుకనే భారతి వారి ఎయిర్‌టెల్‌లోను చేరినవి. ఆర్.పి.జి. ఎయిర్‌సెల్‌లో కలిసినది. టాటా సెల్యులార్ బిర్లా వారి కంపెనీతో ఏకమై 2002లో ఐడియా అన్న పేరు దాల్చినది. స్పైస్‌ను కలుపుకొనడానికి 2008లో ఆ ఐడియాయే ఒప్పందం చేసుకొన్నది.

ఇన్ని కలయికలు జరిగినా ఆనాడు మనకు నష్టం తోచలేదు. కారణం, ఒక కంపెనీ మాయమైతే మరొకటి పుట్టేది. 2002లో ప్రభుత్వ సంస్థ బి.ఎస్.ఎన్.ఎల్. కూడా సెల్ ఫోను రంగంలో దిగినది. 2003లో వచ్చే కాల్‌కు రుసుము పోయినది. 2009లో కొత్తగా వచ్చిన టాటా డొకొమో సెకనుకు ఒక పైసా చొప్పున లెక్క కట్టినది. అంతవరకు పది సెకన్లు మాట్లాడినా నిండు నిమిషానికి చెల్లించేవారమే. కొద్ది నెలలలోనే పెద్ద కంపెనీలన్నీ చచ్చినట్లు అదే దారి పట్టినవి. పోటీ అంటే ఇదీ. చిన్నవాడు ఒకడు గుమ్మంలో నిలబడితే చాలు, పెద్దవాడి బేరం దిగివస్తుంది.

చౌక తెచ్చిన చిక్కు

2010 నాటికి ఒక్కొక్క సర్కిలులో పది పైచిలుకు కంపెనీలు ఉండేవి. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు వారు 122 లైసెన్సులను రద్దు చేసినారు. కొందరు అప్పుడే తప్పుకొన్నారు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి మాటలకు డబ్బే వద్దన్నది. 2014లో ఒక జి.బి. డేటాకు సగటున రెండు వందల రూపాయలకు పైగా పడేది. 2018 నాటికి అది పదిహేను రూపాయల లోపునకు వచ్చినది. జనం సంతోషించినారు, పాత కంపెనీలు బెంబేలెత్తినవి. 2018 మేలో టెలినార్, 2019 జూలైలో టాటా వారి సెల్ వ్యాపారం ఎయిర్‌టెల్‌లో కలిసిపోయినవి. 2018 ఆగస్టు 31న ఒడాఫోన్, ఐడియా ఒకటైనవి. ధరలు తగ్గించిన పోటీయే చివరకు పోటీదారులను మింగినది.

కలయికలో మేలు లేదా?

లేకపోలేదు. ఫోను మాటను మోసుకుపోయే రేడియో తరంగాలు ఎకరాల లెక్కన దొరికే భూమి వంటివి కావు. అవి పరిమితం. ఆ కాస్త తరంగాన్ని పదిమంది పంచుకొంటే ఎవరి సేద్యమూ సాగదు. ఇద్దరి తరంగాలు, ఇద్దరి టవర్లు కలిస్తే ఖర్చు తగ్గి, సంకేతం బలంగా అందే అవకాశం ఉన్నది. నష్టంలో ఉన్న కంపెనీ పద్ధతిగా మరొకదానిలో చేరితే చందాదారు నంబరు కూడా భద్రంగా ఉంటుంది.

అలా చేరకపోతే ఏమగునో తమిళనాడులోని మనవారికి బాగా తెలుసు. ఎయిర్‌సెల్‌ను రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలపాలని 2016లో చేసుకొన్న ఒప్పందం 2017 అక్టోబరులో రద్దయినది. 2018 ఫిబ్రవరిలో తమిళనాట ఎయిర్‌సెల్ ఫోన్లు మూగవోయినవి. బ్యాంకు నుండి వచ్చే రహస్య సంఖ్య లేదు, ఊరినుండి వచ్చే కబురు లేదు. నంబరును వేరే కంపెనీకి మార్చుకొనేందుకు కావలసిన కోడ్ కోసం జనం దుకాణాల ముందు బారులు తీరినారు. ఆ నెలాఖరుకే ఆ కంపెనీ దివాలా అర్జీ పెట్టుకొన్నది. కనుక కలయికలన్నీ కీడే అనడం న్యాయం కాదు.

బేరగాడు తగ్గితే

సంతలో పదిమంది కూరలమ్మేవారుంటే ఒకడు ధర పెంచినా పక్కవాడి దగ్గరకు పోతాము. ఇద్దరే ఉంటే, వారు కూడబలుక్కొనవలసిన పని కూడా లేదు. ఒకడు పెంచి చూస్తాడు, రెండవవాడు అందుకొంటాడు. 2019 డిసెంబరులోను, 2021 నవంబరు, డిసెంబరు నెలలలోను, 2024 జూలైలోను మూడు ప్రైవేటు కంపెనీలూ కొద్ది రోజుల తేడాతోనే ధరలు పెంచినవి. మూడవసారి జూన్ 27న ఒకరు ప్రకటిస్తే, మరునాటికి మిగిలిన ఇద్దరూ ప్రకటించినారు.

వారి వాదనా వినవలసినదే. 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు తీర్పు వలన పాత కంపెనీల నెత్తిన వేల కోట్ల బకాయిలు పడినవి. కొత్త టవర్లకు, 5జి తరంగాలకు పెట్టుబడి కావాలి. ధర మరీ తక్కువైతే కంపెనీ నిలువదు. కాని పెంపు న్యాయమైనదా, అన్యాయమైనదా అని తేల్చే తక్కెడ పోటీయే. ఆ తక్కెడే చిక్కిపోతే మనం దేనితో తూచాలి?

జియోలో 28 రోజులకు 155 రూపాయలున్న చిన్న పథకం 2024 జూలైలో 189 అయినది. 34 రూపాయలే గదా అనిపిస్తుంది. 28 రోజుల లెక్కన ఏడాదికి పదమూడు సార్లు కట్టాలి. అంటే మనిషికి 442 రూపాయలు, నలుగురున్న ఇంటికి 1768 రూపాయలు అదనం.

ఇక కలిసినవారికైనా బలం వచ్చినదా? ఒడాఫోన్, ఐడియాలు కలిసిన నాడు వారికి 40 కోట్ల చందాదారులుండేవారు, దేశంలోకెల్లా పెద్ద కంపెనీ. ఆ సంఖ్య తరువాత సుమారు సగానికి పడిపోయినది. రావలసిన బకాయిలకు బదులుగా వాటాలు తీసుకొన్న కేంద్ర ప్రభుత్వం 2025లో అందులో నూటికి 49 వంతుల యజమాని అయినది. ఆ బకాయి ప్రజలదే. జియో, ఎయిర్‌టెల్‌ల చేతిలోనే నూటికి డెబ్బయికి పైగా చందాదారులున్నారు. మూడవ కంపెనీ కూలితే ప్రైవేటు రంగంలో మళ్ళీ 1995 నాటి ఇద్దరే మిగులుతారు.

కాపలాదారులు, మనము

ఇటువంటి కలయికలకు కాంపిటీషన్ కమిషన్ వారు, టెలికాం శాఖ వారు అనుమతి ఇవ్వాలి. కలిసిన కంపెనీ వాటా ఏ సర్కిలులోను సగానికి మించరాదని 2014 నాటి నిబంధన. మించితే ఏడాదిలోగా తగ్గించుకోవాలి. ఇది మంచి నియమమే. అయితే ఒకరికి సగం దాటకపోయినా, ఇద్దరే సంతనంతా ఏలవచ్చును. దానికి ఈ నియమంలో మందు లేదు.

మన చేతిలో ఉన్న ఆయుధం నంబరు మారకుండా కంపెనీ మార్చుకొనే హక్కు. దేశమంతటా ఇది 2011 జనవరి 20 నుండి అమలులోకి వచ్చినది. పోర్ట్ అన్న మాట ఇంగ్లీషులో వ్రాసి, పక్కన మన నంబరు చేర్చి 1900కు సందేశం పంపితే కోడ్ వస్తుంది. 2024 జూలై పెంపు తరువాత లక్షలాది మంది బి.ఎస్.ఎన్.ఎల్. వైపు మళ్ళినారు. ప్రభుత్వ సంస్థ ఒకటి బాగా నడవడం ఎందుకు అవసరమో ఆ నెలలలో తెలిసివచ్చినది. ఇక మాటలు తప్ప డేటా వాడని పెద్దలకు విడిగా పథకాలుండాలని ట్రాయ్ వారు 2024 డిసెంబరులో ఆదేశించినారు. మన ఇళ్ళలో ఎందరు అమ్మమ్మలు తాము ఎన్నడూ తెరవని డేటాకు డబ్బు కట్టుచున్నారో ఒకసారి విచారించండి.

పెద్దల నంబరు ఏ కంపెనీది, గడువు ఎప్పుడు, బ్యాంకుకు ఇచ్చిన నంబరు అదేనా అని ఇంట్లో చదువుకొన్న పిల్లలు ఒక కాగితం మీద వ్రాసి పెట్టాలి. ఇంటిల్లిపాదీ ఒకే కంపెనీలో ఉండక, ఒక్కరైనా రెండవదానిలో ఉంటే మంచిది. ఒకటి మూగవోయిన నాడు మరొకటి పలుకుతుంది. కంపెనీలు కలుస్తవి, విడిపోతవి, పేర్లు మార్చుకొంటవి. పొరుగు రాష్ట్రాలలో చెదిరి ఉన్న మన కుటుంబాలకు మాత్రం మాట తెగకుండా ఉండడమే ముఖ్యం.