కళ్లెం వదులు చేసి... మళ్లీ పోటీ బరిలోకి

2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మాట. కెనడా గుర్రపు స్వారీ దిగ్గజం ఇయాన్ మిల్లర్‌కు అప్పుడు 69 ఏళ్లు. 1972 నుంచి 2012 దాకా పది ఒలింపిక్స్‌లో బరిలోకి దిగారు. అప్పటికి ఏ క్రీడలోనూ మరెవరికీ లేని రికార్డు అది. పదకొండోది చేతికందే దూరంలో ఉండగా ఆయన గుర్రం డిక్సన్‌కు సైనస్ సమస్య వచ్చింది. మిల్లర్ తప్పుకున్నారు. ఆ చోటు కూతురు ఎమీకి దక్కింది. ఆమె తన గుర్రం హీరోస్‌తో రియో వెళ్లింది. ఆమెకు అదే తొలి ఒలింపిక్స్.

బ్రాంప్టన్, మిల్టన్, కాల్గరీ వైపు స్థిరపడిన మన కుటుంబాల పిల్లలకు గుర్రాల మీద సరదా పుట్టడంలో వింతేమీ లేదు. ఊరు దాటి అరగంట కారులో వెళితే గుర్రపుశాల కనిపిస్తుంది. సమస్య నేర్చుకోవడంలో కాదు, పోటీల దగ్గర మొదలవుతుంది. కొన్నేళ్లు నేర్చుకుని, 'గట్టిగా తన్ను, కొరడా వాడు' అన్న మాటలు నచ్చక మానేసినవారు ఉంటారు. చదువు, ఉద్యోగం, పెళ్లి అయ్యాక మళ్లీ జీను ఎక్కాలనుకునేవారూ ఉంటారు. గుర్రాన్ని నొప్పించకుండా పోటీలో నెగ్గడం అసలు కుదురుతుందా అన్నది వాళ్ల సందేహం.

అనుమానం అర్థంలేనిదేమీ కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు మూడు రోజుల ముందు బ్రిటన్ డ్రెస్సాజ్ తార షార్లెట్ డుజార్డిన్ పోటీ నుంచి వైదొలిగింది. శిక్షణ ఇస్తూ గుర్రం కాళ్ల మీద ఆమె పదేపదే కొరడాతో కొట్టిన పాత వీడియో బయటికి రావడమే కారణం. అంతర్జాతీయ సమాఖ్య ఆమెపై ఏడాది నిషేధం, పది వేల స్విస్ ఫ్రాంకుల జరిమానా విధించింది. మూడుసార్లు ఒలింపిక్ స్వర్ణం అందుకున్న మనిషి! అంతకు ముందు టోక్యోలో, ఆధునిక పెంటాథ్లాన్‌లో జర్మనీ కోచ్ ఒకామె మాట వినని గుర్రాన్ని పిడికిలితో గుద్దింది. ఆ గొడవ ముదిరి, పారిస్ తర్వాత ఆ క్రీడ నుంచి గుర్రపు స్వారీనే తీసేశారు.

సున్నితమైన స్వారీ అంటే ముద్దు చేయడం అనుకుంటే పొరపాటు. దాని కిటుకు ఒత్తిడి పెట్టడంలో కన్నా దాన్ని వదలడంలో ఉంది. పగ్గం కొంచెం బిగించినప్పుడు గుర్రం తల దించితే, ఆ క్షణంలోనే వదిలేయాలి. 'ఓహో, ఇదన్నమాట అడిగింది' అని అది నేర్చుకునేది అప్పుడే. వదలడం రెండు క్షణాలు ఆలస్యమైతే దానికి ఏమీ అర్థం కాదు. అర్థం కాకపోతే ఎదురు తిరుగుతుంది, మనం దానికి మొండితనం అని పేరు పెడతాం. చెవులు వెనక్కి వాలడం, తోక విసురుగా కొట్టడం, మూతి బిగపట్టడం... ఇవన్నీ అది చెప్పే మాటలే. విరాటుడి కొలువులో దామగ్రంథిగా గుర్రాలను చూసుకున్న నకులుడి కథ విన్నవాళ్లం కదా, మనకిది మరీ కొత్త సంగతి కాదు.

మరి నిబంధనలు దీనికి అడ్డమా? కొన్నిచోట్ల అడ్డమే. అంతర్జాతీయ డ్రెస్సాజ్‌లో నోట్లో ఇనుప కళ్లెం లేకుండా దిగనివ్వరు. అడ్డంకులు దూకే జంపింగ్‌లో మాత్రం కళ్లెం లేని హ్యాకమోర్‌ను అనుమతిస్తారు. కాబట్టి నోటికి ఇనుము తగలకూడదనుకునేవారికి జంపింగ్ దారి తెరిచే ఉంది. అక్కడ కోపంతో కొరడా ఝళిపిస్తే తప్పు. పోటీ నుంచి తొలగించాక, ఆఖరి అడ్డంకి దాటాక కొట్టినా తప్పే. మూతి పట్టీ ఎంత బిగించారో కొలవడానికి 2025లో అంతర్జాతీయ సమాఖ్య ప్రత్యేక పరికరమే తెచ్చింది. అంతవరకు రెండు వేళ్లు దూరతాయా లేదా అన్నదే కొలత. ఎవరి వేళ్లు అని అడిగేవారు లేరు!

నిబంధన కఠినంగా ఉంటే నొప్పి మనిషికీ తగులుతుంది. లండన్ 2012లో కెనడా రైడర్ టిఫనీ ఫోస్టర్ గుర్రం విక్టర్‌ను తనిఖీ చేసిన అధికారులు, ముందు కాలి డెక్క పైభాగంలో తాకితే ఎక్కువగా స్పందిస్తోందని తేల్చారు. ఆమెను పోటీ నుంచి తప్పించారు. ఆమె ఏదో తప్పు చేసిందని ఎవరూ అనలేదు. జట్టు గట్టిగా అభ్యంతరం చెప్పింది, ఫలితం మారలేదు. ఆ జట్టులో మిల్లర్ కూడా ఉన్నారు. ఆమెకు అన్యాయం జరిగిందనేవారు ఇప్పటికీ ఉన్నారు. నా మటుకు, నోరు లేని జీవి విషయంలో సందేహం వస్తే దాని వైపే మొగ్గే నిబంధన ఉండటం మంచిదనిపిస్తుంది. ఫోస్టర్ మాత్రం ఆగిపోలేదు. తర్వాత కూడా కెనడా తరఫున పోటీలు చేసింది.

'మళ్లీ రావడం' అంటే కెనడా వాళ్లకు గుర్తొచ్చేది బిగ్ బెన్. మిల్లర్ గుర్రమే. 1988, 1989లలో వరుసగా ప్రపంచకప్ నెగ్గింది. తర్వాత రెండుసార్లు కడుపు నొప్పికి శస్త్రచికిత్స జరిగింది. గుర్రానికి వాంతి చేసుకునే వీలుండదు, అందుకే దానికి కడుపు నొప్పి అంటే ప్రాణగండమే. అయినా 1991లో కాల్గరీ స్ప్రూస్ మెడోస్‌లో పెద్ద పోటీ గెలిచింది. 1992లో అది ప్రయాణిస్తున్న ట్రక్కు బోల్తా పడి కొన్ని గుర్రాలు చనిపోయాయి, బిగ్ బెన్ బతికి బయటపడి మళ్లీ బరిలోకి వచ్చింది. 1994లో రిటైరైంది, 1999లో కన్నుమూసింది. ఒంటారియోలోని పెర్త్ పట్టణంలో దానికి విగ్రహం ఉంది. అన్ని దెబ్బల తర్వాత అది మళ్లీ దూకిందంటే, రైడర్ మీద నమ్మకం చెదరకపోవడమే కారణమని నాకనిపిస్తుంది.

తిరిగి మొదలుపెట్టేవారు ఒక్కసారిగా పెద్ద పోటీకి దూకక్కర్లేదు. చిన్న స్థానిక షోలతో ఆరంభించవచ్చు. పైకి వెళ్లేకొద్దీ ఈక్వెస్ట్రియన్ కెనడా లైసెన్సు, దాంతోపాటు రాష్ట్ర సంఘంలో సభ్యత్వం కావాలి. కోచ్‌ను ఎంచుకునేటప్పుడు గోడ మీది రిబ్బన్లు లెక్కపెట్టకండి. (అన్నట్టు, ఇక్కడ మొదటి బహుమతి రిబ్బన్ ఎరుపు, పొరుగున అమెరికాలో నీలం. మన ర్యాంకుల పిచ్చికి ఆ రంగు గొడవ కూడా ఎందుకు?) గుర్రం మాట వినకపోతే ఆ కోచ్ మొదట ఏం చూస్తారో గమనించండి. జీను సరిగా ఉందా, వీపు నొప్పిగా ఉందా, పళ్లు చూపించారా అని అడిగేవారైతే సగం పని అయినట్టే. 'ఇంకా గట్టిగా' అన్నది మొదటి మాటైతే వేరే శాల వెతుక్కోవచ్చు. గుర్రాల సంరక్షణకు 2013లో జాతీయ నియమావళి వచ్చింది. ఇంగ్లిష్‌లో ఉచితంగా దొరుకుతుంది, చదవడం కష్టమేమీ కాదు.

టొరంటోలో నవంబరులో జరిగే రాయల్ హార్స్ షోకు పిల్లలతో వెళ్లే తీరిక ఉంటే, పోటీ మొదలయ్యే వేళకు కాస్త ముందే చేరుకోండి. వీలుంటే ప్రధాన మైదానం కన్నా ముందు, గుర్రాలను సిద్ధం చేసే చోట కాసేపు నిలబడండి. ఎవరు పగ్గం ఎప్పుడు వదులుతున్నారో అక్కడ కనిపిస్తుంది.