ఎవరెస్టు కొలతయు పేరును: పరిగి సీమతో గల సంబంధము

ప్రపంచమున అత్యున్నత శిఖరమగు ఎవరెస్టు ఎత్తు 8,848.86 మీటర్లని 2020 డిసెంబరులో నేపాళ, చైనా ప్రభుత్వములు ప్రకటించినవి. పరిగి, తాండూరు సీమకు ఆ శిఖరముతో సంబంధమేమని విద్యార్థులు అడుగవచ్చును. ఆ ఎత్తును మొదట నిర్ణయించిన గణితమునకు ఆధారమైన త్రిభుజముల శ్రేణి ఈ సీమ అక్షాంశములను దాటియే ఉత్తరమునకు సాగినది.

విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు చెంత ఆధారరేఖను కొలిచి మహాత్రికోణమితి సర్వేకు ఉపక్రమించెను. నేలపై ఒక రేఖను గొలుసుతో కొలిచి, దాని రెండు కొనలనుండి దూరపు గుట్టను చూచి కోణములను గుర్తించినచో తక్కిన భుజములు గణితముచే లభించును. అట్లు లభించిన భుజమే మఱియొక త్రిభుజమునకు ఆధారము. 78వ తూర్పు రేఖాంశమునకు సమీపముగా సాగిన ఈ శ్రేణి, గుత్తి ప్రాంతమును దాటి, 1815లో బీదరు చెంతనున్న దామరగిద్దను చేరెను. పరిగి ఈ రెంటి నడుమ అక్షాంశమున, ఆ రేఖాంశమునకు కొంచెము పడమరగా నున్నది. నారాయణపేట జిల్లాలోని దామరగిద్ద వేఱు. సర్వేలోని దామరగిద్ద అక్షాంశము 18 డిగ్రీలకు పైబడినది. గ్రామనామముల పోలికనే నమ్ము పరిశోధకులు ఇచట జాగ్రత్త వహింపవలెను.

జార్జి ఎవరెస్టు 1818లో హైదరాబాదున లాంబ్టనుకు సహాయకుడుగా చేరెను. 1823లో లాంబ్టను మరణింపగా, ఆ శ్రేణిని హిమాలయ పాదముల వఱకు కొనిపోయి 1843లో విరమించెను. అటుపిమ్మట నేపాళ ప్రవేశమునకు అనుమతి లేనందున, నూఱు మైళ్లకు పైబడిన దూరమునుండి, మైదానములలో నిలిచియే శిఖరములను పరిశీలించిరి. గాలిలో కాంతి వంగుటచే కలుగు దోషమును సవరించుటయే అన్నింటికంటె కఠినమైన పని. రాధానాథ సిక్దారు మొదలగు గణకుల శ్రమఫలముగా 1856లో ఆండ్రూ వా ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. నేటి లెక్కకు సుమారు 30 అడుగులే తక్కువ!

కొలతకంటె పేరే ఎక్కువ చిక్కులు తెచ్చినది. టిబెట్టువారికి అది చోమోలుంగ్మా. తన పేరు దేశభాషలలో వ్రాయుటకుగాని పలుకుటకుగాని వీలుకానిదని ఎవరెస్టే ఆక్షేపించెను. అయినను 1865లో అదియే స్థిరపడినది. తెలుగు లిపికి ఆ యిబ్బంది లేదు గాని, ఆయన తన పేరును 'ఈవ్‌రెస్ట్' అని పలికెడివాడు. కొందఱు ఈ శిఖరమునే గౌరీశంకరమనిరి. అవి వేఱువేఱు శిఖరములని 1903లో హెన్రీ వుడ్ పరిశీలనచే తేలినది. కావున పాత గ్రంథములలో గౌరీశంకరమను మాట కనబడినపుడు సందర్భమును చూచియే అర్థము నిర్ణయింపవలెను. నేపాళీ నామము 'సగరమాథా'. అందు 'సగర' యనగా ఆకాశము, 'మాథా' యనగా నుదురు. మన పత్రికలు వ్రాయు 'సాగరమాత'యందు ఆకాశమును లేదు, నుదురును లేదు.