రెండవసారి వెలుగు



చోడవరంలో మా సంఘపు పెద్దమ్మగారు ఒకరు బైబిలు చదవడం మానివేశారు. అడిగితే, “ఆపరేషనైన రెండేళ్లకే మళ్లీ శుక్లం కమ్మేసింది అయ్యగారూ, ఇక కత్తి పెట్టించుకోలేను” అన్నారు. మేము విశాఖపట్నం తీసుకువెళ్లి చూపించాము.

తీసివేసిన శుక్లం మళ్లీ రాదు. అమర్చిన లెన్సు వెనుక ఉండే పలుచని పొర కొందరికి మసకబారుతుంది. దానికి కత్తి అక్కరలేదు, యాగ్ లేజరు చాలు. 1980ల ఆరంభంలో ఫ్రాన్సులో డానియెల్ ఆరాన్-రోసా, స్విట్జర్లాండులో ఫ్రాంజ్ ఫాంఖౌసర్ అనే నేత్రవైద్యులు దీనికి దారి వేశారు.

పిడుగు పడినప్పుడు మెరుపు వేడికి గాలి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఆ అదురే ఉరుము. లేజరు పని కూడా ఇటువంటిదే. సెకనును వంద కోట్ల భాగాలు చేస్తే, అందులో కొద్ది భాగాల సేపే అది వెలుగుతుంది. సూదిమొనకంటె సన్నని చోట చిన్న మెరుపు పుడుతుంది. దానినుండి లేచిన ఒత్తిడి తరంగం పొరను చీల్చుతుంది. ఆ తాకిడికి లెన్సుమీద గుంటలు పడకుండా డాక్టరు గురిని పొరకు కొంచెం వెనుకగా నిలుపుతారు. కుట్లు లేవు, చుక్కలమందు వేసి కొన్ని నిమిషాల్లో ముగిస్తారు. అయితే తరువాత కంటిలో మెరుపులు, కొత్తగా నల్లచుక్కలు, తెరవంటి నీడ కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బేత్సయిదా గ్రుడ్డివానిమీద ప్రభువు రెండవసారి కూడా చేతులుంచారు (మార్కు 8వ అధ్యాయం). మొదట మసకగా కనిపించిన సంగతి అతడు దాచలేదు. మీ ఇంటి పెద్దలను కూడా దాచనివ్వకండి. మా పెద్దమ్మగారు మరుసటి ఆదివారం ఆరాధనలో తానే లేచి వాక్యం చదివారు.